బాయి మీద పని

దగ్గరికి జరుగు బిడ్డా, ఆ ఫోను పక్కన పెట్టు. గోదావరిఖని సామ్యేల్ తాత ముచ్చట చెప్త.

"మళ్ల అన్నీ సచ్చినయి తాతా!" జూహీ కంప్యూటర్ మూత దబ్బున పెట్టింది.

సామ్యేల్ ఆమె ముందట చాయ పెట్టిండు. "ఎన్ని పోయినయి? ఎన్ని వచ్చినయి?"

"రెండు వందలు పోయినయి. ఒక్కటి రాలే."

జూహీ ఇంజనీరు. బొగ్గుబాయి కూలితే లోపలికి పోయి మనుషులను వెతికే చిన్న బండికి మెదడు తయారుచేస్తున్నది. కంప్యూటర్ల బొమ్మ బాయి గీసి, అందుల రెండు వందల బొమ్మ బండ్లను తోలుతది. మంచిగ నడిచినవాటి మెదళ్లకు పిల్లలు పుడతయి, తల్లికన్న ఇంత తేడాతోని. మిగిలినవి తుడిచేసుడే. అసలు బాయి ఎట్లుంటదో చెప్పే మనిషి కావాలంటే, వాడకట్టోళ్లు ఈ ఇల్లు చూపెట్టిన్రు. "తాత ముప్పై ఆరేండ్లు బాయి మీద చేసిండు."

ఆయన పెండ్లాం సువార్తవ్వ సచ్చిపోయినకాడికెల్లి ఆ తలుపు కొట్టినోళ్లు లేరు. మొదటిదినం జూహీ కొడితే, గాలి అనుకొని ఆయన లేవనే లేదు. ఇప్పుడు నాలుగు కాకముందే రెండు గ్లాసులు కడిగి పెడతడు.

"బండి నేర్చుకుంటే నీ పనైపాయెనా బిడ్డా?"

"అయిపోయినట్టే. హైదరాబాద్ పోత."

తాత చాయ గ్లాసు కింద పెట్టిండు. "అరే, మరిచిన. ఆ మలుపుల నీళ్లు ఊరుతయి."

"నిన్న పొడిగ ఉంటదంటివి!"

"బాయి నిన్నటి లెక్క ఇయ్యాల ఉంటదా?"

గిట్లనే నాలుగు నెలలు. ఒకనాడు కప్పు కూలుతదన్నడు, ఒకనాడు తొవ్వ మూసుకపోతదన్నడు. "కప్పు ఎంత ఎత్తుంటది తాతా?" అంటే దగ్గు తెచ్చుకొని లోపలికి పోయేటోడు. జూహీ గొణుక్కుంట బొమ్మ బాయి మార్చేది. బండ్లు సచ్చేటియి, పుట్టేటియి. మెల్లగ, ఏం మారినా జడవని జాతొకటి తయారైంది.

ఆఖరుకు అసలు బండిని ఒక మూసేసిన బాయిల దింపిన్రు. గీసిన బొమ్మలల్ల ఒక్కటి దానికి కలువలే. అయినా బండి ఒళ్లంత బురదతోని పైకి వచ్చింది.

జూహీ ఉరికొచ్చింది. "వచ్చింది తాతా! ఒక్క బాయే నేర్పి ఉంటే ఇది ఆడనే సచ్చేదన్నరు ఆఫీసర్లు. దినానికో బాయి చెప్పిన పెద్దమనిషెవరని అడిగిన్రు."

"పోయింది ఒకటి, వచ్చింది ఒకటి. లెక్క సరిపోయింది" అన్నడు తాత. ఆమె గ్లాసు కడిగి, గూట్ల బోర్లించిండు.

యాదుంచుకో బిడ్డా, ఈ ముచ్చట ఎవరికన్న చెప్తే గీ మాట ఆఖరుకే చెప్పాలె. తాత పైన నిలబడి దిగేటోళ్లకు లైట్లిచ్చి, వాళ్లు పైకొచ్చినంక లెక్కపెట్టి తీసుకునేటోడు, బాయిల ఒక్కనాడు దిగలే.