మూతకి రెండో కొస

అమెరికాలోని ట్రాయ్‌లో ఆ చలికాలమంతా రఘువీర్ భార్య రజిని ఆఫీసు నుంచి వస్తే గ్యారేజీలోనే ఉండేది, సొంతంగా చెక్కతో దుప్పట్ల పెట్టె చేస్తూ. మొగుడికంటే ఆ చెక్కే ఎక్కువైందని అతనికి కడుపుమంట. "నేనూ ఒక చెయ్యి వేయనా?" అంటే "మీకు రాదులెండి" అనేసేది.

ఒక సాయంత్రం చీకటి పడ్డాక గ్యారేజీలో చెక్క రుద్దుతున్న చప్పుడైంది. ఆఫీసు నుంచి ఎప్పుడొచ్చిందో!

"ఏమండీ, కాస్త ఈ మూత పట్టుకోరూ?"

ఇన్నాళ్లకి పిలిచింది. సంబరంగా వెళ్లాడు. లోపల చిమ్మచీకటి.

"బల్బు పోయిందండీ."

తడుముకుంటూ ఒక కొస ఎత్తాడు. రెండో కొసా లేచింది.

జేబులో సెల్ మోగింది. ఒంటిచేత్తో తీశాడు.

"మంచు బాగా పడుతోందండీ. ఇంకా ఆఫీసులోనే ఉన్నా," అంది రజిని.

అతను తన కొస వదిలేశాడు. మూత మాత్రం కిందికి దిగలేదు.

"ఎవరది ఫోన్లో?" మూతకి అవతల నుంచి రజిని గొంతే, ఉక్రోషంగా అడిగింది.