వంకాయరంగు రేడియేటరు

రంగు మూడవ పూత పూర్తిగా ఆరిందని నిర్ధారించుకొని, కంప్యూటరును నీళ్ళతో చల్లబరిచే రేడియేటరును దాని పెట్టె పైభాగానికి లోపలినుంచి ఆనించి పట్టుకున్నాను. పొట్టి స్క్రూలనే ఎంచుకున్నాను. పొడవైనవి బిగిస్తే లోపలి గొట్టానికి చిల్లు పడుతుంది.

"లోపల దాక్కునేదానికి వంకాయ రంగెందుకన్నయ్యా?" అంది చెల్లెలు, స్క్రూడ్రైవరు అందిస్తూ.

"మీ వదిన ఎంచింది."

"వదినా? ఈ కంప్యూటరు వేస్తేనే విమానమొచ్చిందని చెవులు మూసుకునే మనిషి!"

"మోత లేకుండా చేస్తానని మాటిచ్చాను. అయితే రంగు నా ఇష్టం అంది."

మా ఇల్లు ఒకటే గది. రాత్రి డ్యూటీ ముగించుకొని ఆమె పగలు పడుకునే మంచానికీ, నేను పనిచేసే బల్లకూ నడుమ రెండడుగుల దూరం. ఇకపై వేడిని నీళ్ళే లాగేస్తాయి కనుక, ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగితే చాలు.

గొట్టాలు తొడిగి, నీరు నింపాను. అతుకుల కింద పరిచిన కాగితం గంటసేపటికీ తడవలేదు. స్విచ్ వేశాను.

"వేశావా?"

"వేశాను."

చెల్లెలు పెట్టెకు చెవి ఆనించింది. "అబ్బ! నిజంగానే చప్పుడు లేదు. వదిన ఇంకొక్క నెల బతికుంటే, హాయిగా..."

మాట మధ్యలోనే ఆపేసి, మంచం మీద మడత విప్పని దుప్పటిని సర్దసాగింది.

గది నిశ్శబ్దంగా ఉంది. మాటిచ్చినట్టే ఉంది.

నేను కుర్చీ జరుపుకొని కూర్చున్నాను. ఫ్యాన్ల వేగాన్ని ఒక్కొక్క అంకే పెంచుతూ, పాత మోత గది నిండేదాకా తీసుకువెళ్ళాను.