ఒక్క వాచీ ఉషారాణి

మైపాడు బీచిలో కొబ్బరాకుల పందిరి కింద చేరిన వాళ్ళు ఒకరి మొహం ఒకరు పోల్చుకోలేకపోయారు.

చేతులు చూసుకున్నాక మాత్రం కౌగిలించుకున్నారు.

అది వాచీల గ్రూపు మరి. ఆ రోజు ఏ వాచీ పెట్టుకున్నారో పొద్దున్నే మణికట్టు ఫొటో తీసి ఫోన్లో పెట్టడం, దాని మీద సాయంత్రం దాకా కబుర్లాడుకోవడం వాళ్ళ అలవాటు. ఇన్నాళ్ళూ మొహాలతో ఎవరికీ పని పడలేదు. ఇవాళే మొదటిసారి కలుసుకున్నారు.

కోవూరు టీచరు ఉషారాణి మాత్రం ఓ చివర బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. తనను గ్రూపులో ఉంచుతారో, తీసేస్తారో ఇవాళ తేలిపోతుంది.

"ఒక్క వాచీ పెట్టుకుని వాచీల కలెక్టరంటే ఎట్టా మేడం?" అన్నాడు నరేంద్రబాబు. ఆయనకు రైసుమిల్లుంది, బీరువా నిండా వాచీలున్నాయి. "చెంచురామయ్యన్న రానీండి. ఆయనెట్టంటే అట్ట."

గ్రూపు పెట్టిందీ, నడిపేదీ సంగం ఊరి చెంచురామయ్యే. ఆయన కోసం పందిరి మధ్యలో మంచి కుర్చీ ఒకటి ఖాళీగా ఉంచారు.

ఉషారాణికి ఆ గ్రూపంటే ప్రాణం. బడిలో పిల్లలు, ఇంట్లో చాకిరీ. ఆ కబుర్లు చదువుకునే కాసేపే ఆమెకు తనదంటూ మిగిలేది. అదీ పోతే ఎలాగా అని దిగులు.

అందరూ ఎడమ చేతులు బల్ల మీద పరిచారు. ఆమె కూడా తన చిన్న హెచ్ఎంటీ ఉన్న చెయ్యి పెట్టింది.

"గాజు మీద ఇన్ని గీతలేంది మేడం?" అన్నాడు కిషోర్ బాబు. అల్లూరులో రొయ్యల గుంటలున్నాయి ఆయనకు.

"రోజూ పెట్టుకుంటాను గదండీ. అంట్లు తోమేటప్పుడు తగిలుంటాయి."

బల్లచుట్టూ నవ్వులు లేచాయి.

"రోజూ కీ ఇస్తే లోపలంతా అరిగిపోతుంది. నేనసలు కీనే ఇయ్యను," అన్నాడాయన గొప్పగా.

అప్పుడే ఎవరో పెద్దాయన పందిట్లోకి వచ్చాడు. పంచె, భుజాన తువ్వాలు, బోసి చెయ్యి.

"టైమెంతయింది అబ్బాయా? నెల్లూరు బస్సుకి పోవాల."

నరేంద్రబాబు చెయ్యి చూసుకుని, "పదీ పది," అన్నాడు.

పెద్దాయన తలెత్తి నడినెత్తిన ఉన్న సూర్యుణ్ణి చూశాడు. ఫొటోలో అందంగా పడతాయని, కీ ఇవ్వకుండా ముళ్ళు అక్కడికి తిప్పి పెట్టుకున్న సంగతి నరేంద్రబాబు మరిచేపోయాడు.

కిషోర్ బాబు వాచీ ఆరున్నర చూపిస్తోంది. "ఇది నడవదులే. ఫోను చూసుకోరాదా?" అన్నాడు.

"ఇందరి చేతులకి వాచీలుండంగా ఫోనెందుకు నాయనా?"

"పక్కకి జరుగు పెద్దాయనా. మాకు పెద్దమనిషి వచ్చే వేళయింది," అని విసుక్కున్నాడు నరేంద్రబాబు.

ఉషారాణికి మనసు చివుక్కుమంది. లేచి దగ్గరికి వెళ్ళింది.

"ఒంటిగంటకి పది నిమిషాలుందండీ. బస్సు ఒంటిగంటకి. నిదానంగా పోయినా దొరుకుతుంది."

"నీ వాచీని నమ్మొచ్చునా అమ్మా?"

"దీన్ని నమ్ముకునే రోజూ బడికి పోతున్నానండీ. ఒక్కనాడూ లేటు కాలా."

ఆయన ఆ గీతల గాజు వంక కాసేపు చూశాడు.

"కీ ఎప్పుడిస్తావు?"

"పొద్దున్నేనండీ. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపల."

పెద్దాయన తృప్తిగా తలూపి రోడ్డు వైపు నడిచాడు.

చేపల పులుసు చల్లారిపోతోంది. మంచి కుర్చీ ఖాళీగానే ఉంది. అందరి కళ్ళూ రోడ్డు మీదే ఉన్నాయి.

ఉన్నట్టుండి అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. చెంచురామయ్య మెసేజి.

"ఉషారాణి గారు గ్రూపులోనే ఉంటారు. ఇకమీదట గ్రూపు నడిపేది కూడా ఆమే. నాకు వయసైపోయింది."

ఉషారాణి మళ్ళీ మళ్ళీ చదువుకుంది. పట్టలేని సంతోషంతో, ఆ చివరనుంచి లేచి వచ్చి బల్ల మధ్యలో కూర్చుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నరేంద్రబాబుకు మింగుడు పడలేదు. వెంటనే ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు.

"ఏందన్నా ఇది? మీరు రాకుండానే తేల్చేస్తిరే. ఆమెకుండేది ఒక్క వాచీ. మీరామెను చూడను కూడా లేదు."

అవతల బస్సు హారను, దాని వెనక నింపాదిగా ఒక గొంతు.

"చూడకేం నరేంద్రా, ఆమె వాచీని నమ్ముకునే గదయ్యా నేనీ బస్సు పట్టుకున్నాను."