రోలర్ కోస్టర్ కింద

మూడు తూటాలూ గుండెల్లోనే దిగాయి. నీలం టోపీ మనిషి నా కాళ్ల ముందు కుప్పకూలాడు. అతని చేతిలోని పిస్టల్ ఎగిరి దూరంగా పడింది. నా నిమ్మరసం గ్లాసు మీద నెత్తురు చిందింది.

కాల్చినవాడు పోలీసు కాదు. మాలాగే టిక్కెట్టు కొనుక్కుని పార్కుకొచ్చినవాడు. చొక్కా కింద దాచుకున్న తుపాకీ తీసి కాల్చాడు.

"వాడు పిస్టల్ పైకెత్తడం చూశాను. ఇక్కడ పిల్లలున్నారు గదా, చూస్తూ ఊరుకుంటానా?" అన్నాడు. జనం అతని భుజం తడుతున్నారు. ఒకావిడ వచ్చి శవం మొహాన ఉమ్మింది.

అప్పుడే రోలర్ కోస్టర్ దిగి మా ఆయన వేలన్ వచ్చాడు. కాల్చినవాడి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"టెక్సాస్ మగాడివి తమ్ముడూ. నువ్వు లేకపోతే ఎంతమంది పోయేవాళ్లో."

వేలన్ ఎడమచేత్తో మాత్రం నడుం దగ్గర చొక్కాని అదిమి పట్టుకునే ఉన్నాడు.

ట్రక్కెక్కి తలుపులు వేశాక నెమ్మదిగా అడిగాడు. "డార్లా, నువ్వు పక్కనే ఉన్నావుగా. చచ్చేముందు వాడేమన్నా అన్నాడా?"

నేను వేలన్ చొక్కా పైకి లేపాను. నడుముకున్న తోలు ఒర ఖాళీగా ఉంది.

"కోస్టర్ తలకిందులైనప్పుడు పిస్టల్ జారిపోయింది," అన్నాడు. "గేటు దగ్గర 'తుపాకులు తేరాదు' అన్న బోర్డు చూసి, ట్రక్కులో పెట్టి రమ్మన్నావు. నేనే వినలేదు."

"అన్నాడతను, వేలన్. దాన్ని గొట్టం వైపు పట్టుకుని, పైకెత్తి, పైనున్న మీ కోస్టర్ బండికేసి చూస్తూ అడిగాడు. 'ఎవరిదిది? కాస్త చూసుకోవాలి గదయ్యా, ఇక్కడ పిల్లలున్నారు' అని."