అయిదుకి అయిదు

"చలావ్ పెదనాన్న మార్కులు కొట్టేశాం బుసరా. నీకిక పెద్ద యంత్రం ఇవ్వలేం," అంది సైన్సు పార్కు అధికారి ఒరాపిన్.

బుసరా మార్కుల కాగితం తన వైపు లాక్కుంది. ముద్ద గొంతు దిగని రోగుల కోసం ఆమె చేస్తున్న జావ పొడి ఇంతదాకా వచ్చిందంటే పార్కు చలవే. గది ఇచ్చారు, ప్రయోగశాల ఇచ్చారు. పొట్లాలు ఇంటికి తీసుకెళ్లి, తిని, మార్కులు వేసే పదిమందినీ వాళ్లే వెతికిపెట్టారు. సరాసరి మూడు దాటితే పార్కు యంత్రం మీద మొదటి సరుకు తీయొచ్చు. లేదంటే ఇద్దరే మనుషులున్న తన కంపెనీ మూసుకోవడమే. ఆ పదిమందిలో ఒకడు చలావ్, అందరూ పెదనాన్న అని పిలిచే ముసలాయన. ఆయన మార్కులు లేకపోతే మూడు దాటదు.

"ఎందుకు కొట్టేశారక్కా?"

"ఎనిమిది వారాలూ అయిదుకి అయిదే! మిగతావాళ్లంతా చప్పగా ఉంది, జారుడుగా ఉంది అంటుంటే ఈయనొక్కడికే అమృతమా? మనవాళ్ల మొహమాటం నీకు తెలీదూ? ఉప్పు మరిచిన కూరని కూడా మెచ్చుకుని మళ్లీ వడ్డించుకుంటారు."

తెలియకేం! బుసరా ఈ చియాంగ్‌మై ఊళ్లోనే పుట్టి పెరిగింది. అందుకే ఏడుపుతో పాటు ఒళ్లు మండింది.

మెట్లు దిగేసరికి గేటు దగ్గర చలావ్ నిలబడి ఉన్నాడు. ఈ వారం పొట్లం కోసం వచ్చాడనుకుంది.

"మీ మంచితనం నా కొంప ముంచింది పెదనాన్నా! ఒక్క వారమైనా నాలుగు వేసి ఉంటే నమ్మేవాళ్లు కదా! అసలు తిన్నారా?"

ముసలాయన తల వంచుకున్నాడు. "నేను తినలేదమ్మాయ్."

"తినకుండానే వేశారా?"

"అవి మీ పెద్దమ్మ మార్కులు. గొంతు ఆపరేషనయ్యాక మంచినీళ్లు కూడా దిగేవి కావు. నీ జావ దిగింది. తిన్నాక అయిదు వేళ్లూ చూపించేది, నేను రాసేవాణ్ణి. తన పేరు మీ లిస్టులో లేదుగా, చెబితే పొట్లాలు ఆపేస్తారని భయపడ్డాను."

బుసరాకి ప్రాణం లేచొచ్చింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి! ఆయన చెయ్యి పట్టుకుంది.

"పదండి మీ ఇంటికి! ఒరాపిన్ అక్కని కూడా తీసుకెళ్దాం. పెద్దమ్మ చేతే చూపిద్దాం, ఆ అయిదు వేళ్లూ."

చలావ్ కదల్లేదు.

"ఒక్క పొట్లం ఇయ్యి తల్లీ, చాలు. వాట్ గుడిలో ఆచారం ప్రకారం శవపేటిక తట్టి తనని భోజనానికి పిలవాలి... వేరేది పెడితే గొంతు దిగదు."