నడిమి గీత

ఎలాదియో చెరకు నరికే కత్తిని ముసలి సిప్రియాన్ మెడకు ఆనించాడు.

"లెక్క సున్నాకి రాకుండానే నా పుంజు ఓడిందంటావా?"

"సున్నా చూసే చెప్పాను," అన్నాడు సిప్రియాన్. బరాహోనా ఊరి కోడిపందేల బరికి ఆయనే తీర్పరి. మెడ మీది నెత్తురు చొక్కాలోకి కారుతోంది.

కూలిన పుంజు లేవడానికి తొమ్మిది నుంచి సున్నా దాకా గడువు. ఆయన కూతురు యొమైరా తను చేసిన లైట్ల అంకెల పలక వెనక నిలబడి, బటన్ నొక్కి ఒక్కో అంకె తగ్గిస్తుంది. ఇప్పుడు నొక్కింది ఒక్కసారే. అయినా పలక మీద సున్నా కనబడుతోంది. ఆమె ఊడిన తీగను వేలితో అదిమింది. ఆరిన నడిమి గీత వెలిగి, సున్నా కాస్తా ఎనిమిదైంది.

"తప్పు నాన్నది కాదన్నా! తీగ నేనే సరిగ్గా అతికించలేదు."

"అయితే ఎనిమిది నుంచి నొక్కు. పుంజు లేచిందా, మీ నాన్న బతికాడు. లేవలేదా, దాని వెంటే పోతాడు."

ఏడు. ఆరు. ఐదు. పుంజు నెత్తురు కక్కుతూ లేవబోయి కూలింది.

ఒకటి దగ్గర యొమైరా వేలు బిగుసుకుపోయింది. విరిగిన రెక్క ఊతంగా పుంజు మళ్లీ లేవబోయింది, మళ్లీ కూలింది. ఆమె నొక్కలేదు. అది మళ్లీ లేవబోయింది.

కత్తి మెల్లగా కిందికి దిగింది.

"నొక్కు చెల్లీ," అన్నాడు ఎలాదియో. "ఇంక దాన్ని పడుకోనీ."