అరిగిన క్యామ్‌షాఫ్ట్

"ఈసారి గట్టిది ఇవ్వండి. మా బావమరిది ఒక్కసారి నడిపి, నా పాత స్పోర్ట్స్ కారు ఇంజన్‌లో మొన్నే వేయించిన కొత్త క్యామ్‌షాఫ్ట్ అరగ్గొట్టాడు. వీడి కాలు ఆక్సిలరేటర్ మీదుంటే బుర్ర ఇంట్లో ఉంటుంది!"

పక్కనే ఉన్న బావమరిది అరిగిన క్యామ్‌షాఫ్ట్‌ని స్పేర్ పార్ట్స్ దుకాణం కౌంటర్ మీద పెట్టాడు.

దుకాణదారు దాన్ని తిప్పి చూశాడు. "స్పీడుకి పోయింది కాదండీ ఇది. కొత్తది బిగించి మొదటిసారి స్టార్ట్ చేయగానే ఇంజన్ని జోరుగా తిప్పాలి. నెమ్మదిగా వదిలేస్తే ఆయిల్ అందక అప్పుడే చెడుతుంది. ఆ రోజు స్టార్ట్ చేసిందెవరు?"

కారు యజమానికి ఆ రోజు గుర్తొచ్చింది. స్టార్ట్ చేసి, నెమ్మదిగా తిరుగుతున్న ఇంజన్ ముందు కళ్లు మూసుకుని దేవుడికి చాలాసేపు దండం పెట్టుకున్నది తనే. అప్పుడు బావమరిదీ అక్కడే ఉన్నాడు.

"నేనేనండీ," అన్నాడు బావమరిది చప్పున.

దేవుడి ముందు అంతసేపు నిలబడ్డ మనిషి బావమరిది ముఖంలోకి చూడలేకపోయాడు.

"వాడు కాదండీ, నేనే," అన్నాడు తల దించుకుని.